పెడల్ తొక్కకుండా పియానో మీద బాఖ్: వేళ్లతోనే పలికించడం ఎలా

జర్మన్ స్వరకర్త బాఖ్ రచన ఏదైనా ఒకటి తీసుకోండి, చేతికి బాగా పట్టుబడిందే తీసుకోండి. మామూలుగా ఒకసారి వాయించండి. తర్వాత కుడికాలు పెడల్ మీద నుంచి తీసేసి అదే మళ్లీ వాయించండి. ఇందాక నున్నగా వినిపించిన చోట స్వరాలు తెగిపోతుంటాయి. చిటికెనవేలు తొందరపడి లేస్తోందనీ, బొటనవేలు పని అయిపోయినా కీ మీదే పడి ఉంటోందనీ అప్పుడు తెలుస్తుంది. పెడల్ తీసేయడం వల్ల వచ్చిన లోపాలు కావివి. మొదటినుంచీ ఉన్నవే, పెడల్ కప్పిపెట్టింది.

కీ ఎప్పుడు నొక్కాలో అందరం చూసుకుంటాం. ఎప్పుడు వదలాలో చాలామంది చూసుకోరు. పెడల్ లేకుండా వాయించడమంటే ఆ వదలడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడమే. కింద చెప్పే పనులన్నీ దాని చుట్టూ తిరిగేవే.

అసలు పెడల్ ఎందుకు వద్దు?

కుడి పెడల్ తొక్కితే పియానోలోని డాంపర్లన్నీ ఒక్కసారే తీగల మీద నుంచి లేస్తాయి. డాంపర్ అంటే తీగ మీద కూర్చుని మోతను ఆపే ఫెల్ట్ దిమ్మ. పెడల్ తొక్కనప్పుడు మీరు నొక్కిన కీ తాలూకు డాంపర్ ఒక్కటే లేస్తుంది, కీ వదలగానే మళ్లీ తీగ మీద పడుతుంది. బాఖ్ (1685–1750) కాలపు హార్ప్సికార్డ్, క్లావికార్డ్ అనే పాత కీబోర్డు వాద్యాలకు అన్ని తీగలనూ ఒకేసారి మోగనిచ్చే ఇలాంటి పెడల్ లేదు. మోత ఎంతసేపు ఉండాలన్నది వేలి చేతిలోనే ఉండేది. ఆయనకు పియానో బొత్తిగా తెలియదని కాదు. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువులో గాట్‌ఫ్రీడ్ సిల్బర్‌మాన్ తయారుచేసిన పియానోలు వాయించాడు. అయితే మనం రోజూ సాధన చేసే ఇన్వెన్షన్లు (రెండు గొంతుల చిన్న రచనలు), 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' (ప్రిల్యూడ్‌లు, ఫ్యూగ్‌ల సంపుటి) మొదటి భాగం అప్పటికి ఎప్పుడో రాసేసినవి.

చరిత్ర మాట అలా ఉంచండి. ఈనాటి పియానో మీద వాయిస్తూ అంతా ఆనాటి పద్ధతే అనుకోవడంలో అర్థం లేదు. పెడల్ వద్దనడానికి నా దృష్టిలో అసలు కారణం సంగీతంలోనే ఉంది. బాఖ్‌లో ఒకేసారి రెండు, మూడు, నాలుగు గొంతులు, అంటే విడివిడి స్వరధారలు, పాడుతుంటాయి. ఒక గొంతు ఆగి ఊపిరి తీసుకుంటుంటే ఇంకొకటి అందుకుంటుంది. ఆ ఆగడం కూడా రాతలో ఉన్నదే. పెడల్ తొక్కితే ఆగాల్సిన గొంతు ఆగదు, దాని చివరి స్వరం పక్కవాళ్ల మాటల మీద పడి మోగుతూనే ఉంటుంది. మూడు గొంతులు కాస్తా ఒక తీగల మోతగా మారిపోతాయి.

ఇప్పటి పెద్ద పియానిస్టుల్లో ఆండ్రాష్ షిఫ్ బాఖ్‌ను పెడల్ లేకుండా వాయిస్తాడు. పెడల్‌ను పొదుపుగా, నేర్పుగా వాడి అంతే స్పష్టంగా వాయించేవాళ్లూ ఉన్నారు. కాబట్టి దీన్ని మతంలా పట్టుకోనక్కర్లేదు. కానీ నేర్చుకునే దశలో మొత్తం రచనను పెడల్ లేకుండా పలికించగలగాలి. పెడల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ముందు కూర్చోవడం

చిన్న విషయమే, కానీ చాలామందికి ఇక్కడే ఇబ్బంది. ఏళ్ల తరబడి పెడల్ మీద కాలు పెట్టి వాయించినవాళ్లు ఒంటి బరువులో కొంత ఆ కాలి మీద మోపుతారు. కాలు తీసేయగానే నడుము వెనక్కి పోతుంది, భుజాలు బిగుసుకుంటాయి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా, కుడిపాదం పెడల్‌కు కొంచెం పక్కగా పెట్టి కూర్చోండి. కాలు అలవాటుగా పెడల్ మీదికి పోతుంటే రెండు పాదాలనూ కొద్దిగా వెనక్కి లాక్కోండి. బెంచీ ఎత్తు మార్చాల్సి రావచ్చు.

డాంపర్ ఎక్కడ తగులుతుందో వినండి

పాట జోలికి పోకముందు ఒక కీతో కూర్చోండి. మధ్య సి నొక్కి పట్టుకోండి. ఇప్పుడు కీని వీలైనంత నెమ్మదిగా పైకి రానివ్వండి. కీ పూర్తిగా పైకి రాకముందే, సుమారు సగం దారిలో, ఫెల్ట్ తీగను తాకడం మొదలుపెడుతుంది. మోత ఒక్కసారిగా తెగదు, ముందు మసకబారి, కాస్త బుసలాంటి చప్పుడు చేసి ఆగుతుంది. వేలు కొంచెం వేగంగా లేపితే చివర శుభ్రంగా ఉంటుంది. ఇంకా వేగంగా విదిలిస్తే కత్తిరించినట్టు ఉంటుంది. స్వరం చివరకు ఇన్ని రకాలున్నాయని తెలియడమే మొదటి మెట్టు.

ఇదే పని ఎడమవైపు లావు తీగల మీద, కుడివైపు సన్న తీగల మీద చేసి చూడండి. లావు తీగలు ఆగడానికి కాస్త సమయం తీసుకుంటాయి, అంటే ఎడమచేయి కుడిచేతికన్నా వెంట్రుకవాసి ముందే వదలాల్సిన చోట్లు ఉంటాయి. బాగా పైనున్న ఒకటిన్నర ఆక్టేవ్ (ఒక సి నుంచి తర్వాతి సి దాకా ఒక ఆక్టేవ్) తీగలకు అసలు డాంపర్లే ఉండవు. బాఖ్ స్వరాలు సాధారణంగా అంత పైకి పోవు. 'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి భాగం మొత్తం నాలుగు ఆక్టేవ్‌లలో ఇమిడిపోతుంది, మధ్య సి నుంచి పైకి రెండు, కిందికి రెండు.

ఇంకొక ప్రయోగం. మధ్య సి కి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి ని చప్పుడు రాకుండా మెల్లగా నొక్కి పట్టుకోండి. కుడిచేత్తో మధ్య సి ని గట్టిగా కొట్టి వెంటనే వదిలేయండి. కొట్టిన తీగ ఆగిపోయినా మధ్య సి ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. కింది తీగ డాంపర్ లేచి ఉంది కాబట్టి అది తనంతట తానే కదిలి ఆ స్వరాన్ని పలుకుతోంది. పెడల్ లేకపోతే పియానో పొడిబారిపోతుందని భయపడేవాళ్లు ఇది తప్పకుండా చేసి చూడాలి. ఒక గొంతు పొడవైన స్వరాన్ని పట్టుకుని ఉండగా మిగతా గొంతులు కదిలినప్పుడల్లా ఆ తీగలు ఇలాగే సాయం పలుకుతాయి. రాసినంతసేపు స్వరాన్ని పట్టుకోవడం వల్ల వచ్చే అదనపు లాభం ఇది.

కలపడంలో మెట్లు

లెగాటో అంటే రెండు స్వరాల మధ్య ఖాళీ లేకపోవడం. నడిచేటప్పుడు ఒక పాదం ఆనాకే రెండోది లేపుతాం. వేళ్లూ అంతే. సి నుంచి జి దాకా ఐదు కీలను ఐదు వేళ్లతో, మెట్రోనోమ్ 60 మీద, ఒక్కో చప్పుడుకు ఒక్కో స్వరంగా వాయించండి. మొదటిసారి కొత్త కీ కిందికి దిగాక అర చప్పుడు సేపు పాత కీని కూడా పట్టుకునే ఉంచండి, రెండు స్వరాలూ ఒకదానిమీద ఒకటి పడి వినిపించాలి. తర్వాత కొత్తది దిగే క్షణంలోనే పాతది లేవాలి. ఆ తర్వాత మధ్యలో సన్నని సందు వదలండి. చివరగా ప్రతి స్వరాన్నీ సగం సేపే పట్టుకుని వదిలేయండి.

ఈ సగం సంగతి గాలిలోంచి తెచ్చింది కాదు. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ 1753లో ప్రచురించిన కీబోర్డు గ్రంథంలో, కలిపి వాయించమని గానీ, విడగొట్టమని గానీ, పూర్తిగా పట్టమని గానీ గుర్తు లేని స్వరాలను వాటి విలువలో సగం సేపు పట్టుకోమన్నాడు. దాన్ని తండ్రి సంగీతమంతటికీ అక్షరాలా పాటించమని నేను చెప్పను. కానీ గుర్తులేవీ లేకపోతే అంతా లెగాటోనే అనుకునే మన అలవాటు ఆనాటి వాళ్లకు లేదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ నాలుగు రకాలూ రెండు చేతుల్లోనూ కుదిరాక కుడిచేయి పూర్తిగా కలిపి, ఎడమచేయి సగం సేపు పట్టి, రెండూ ఒకేసారి వాయించండి. తర్వాత చేతులు మార్చండి. మొదట్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి అనుకరించాలని చూస్తాయి. తొందరపడకండి, ఇది వస్తే సగం పని అయినట్టే.

ఫింగరింగ్: పెడల్ చేసే పనంతా ఇక్కడ

పెడల్ ఉంటే ఏ వేలితో కొట్టినా మోత కలిసిపోతుంది. లేకపోతే వేళ్ల వరసే అంతా. కొత్త రచన మొదలుపెట్టేటప్పుడు పెన్సిల్ పట్టుకుని, పియానో దగ్గరే కూర్చుని, నెమ్మదిగా చూసుకుంటూ వేళ్ల అంకెలు స్కోరు మీద రాయండి. బొటనవేలు 1, చిటికెనవేలు 5. ఒకసారి రాసుకున్నాక రోజూ అవే వేళ్లు వాడాలి, మార్చాల్సి వస్తే స్కోరు మీద కూడా మార్చాలి. ఎప్పటికప్పుడు తోచిన వేలితో నెట్టుకొచ్చేవాళ్లకు బాఖ్ ఎన్నాళ్లయినా కుదరదు.

అందరికీ తెలిసిన స్కేలు ఫింగరింగ్ కాకుండా మూడు నాలుగు ఉపాయాలు కావాలి.

మొదటిది వేలు మార్చడం. కీ కిందే ఉండగా దాని మీదికి ఇంకో వేలు తెచ్చి, మొదటి వేలిని తప్పించడం. కుడిచేయి 5తో పై జి పట్టుకుంది, తర్వాత స్వరం ఇంకా పైనున్న బి అనుకోండి. జి మోగుతుండగానే 5 పక్కకు 3ను దించి, 5ను లేపి బి మీదికి పంపాలి. కీ కొంచెం కూడా పైకి రాకూడదు. ఇది చేసేటప్పుడు మణికట్టు బిగించకండి. కీని కిందికి దించడానికే సుమారు 50 గ్రాముల బరువు చాలు, దిగిన కీని అలాగే ఉంచడానికి అంతకన్నా తక్కువ సరిపోతుంది. స్వరం పట్టుకోమంటే కీని అదిమిపెట్టమని కాదు. చెయ్యి నొప్పి పుడుతోందంటే అవసరానికి మించి నొక్కుతున్నారన్నమాట.

రెండోది జారడం. నల్ల కీ మీద నుంచి పక్క తెల్ల కీ మీదికి అదే వేలు జారగలదు. ఎఫ్ షార్ప్ నుంచి జి కి 5తోనో 2తోనో జారితే మధ్యలో ఖాళీ దాదాపు వినపడదు. తెల్ల కీ నుంచి నల్ల కీకి మాత్రం ఇది కుదరదు.

మూడోది దాటించడం. 3ను 4 మీదుగా, 4ను 5 మీదుగా దాటించడం. బొటనవేలు ఇంకో గొంతును పట్టుకుని కదలలేని పరిస్థితిలో మిగిలిన వేళ్లు ఒకదానిమీదుగా ఒకటి దాటుకుంటూ పైకి పోవాలి. ఇదేదో సర్కస్ అనుకోకండి. 1720లో పెద్దకొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడమాన్ కోసం మొదలుపెట్టిన పుస్తకంలో 'అప్లికాషియో' అనే చిన్న పాఠం ఉంది. అందులో బాఖ్ స్వయంగా వేళ్ల అంకెలు వేశాడు. కుడిచేయి స్కేలు ఎక్కేటప్పుడు 3, 4, 3, 4 అని నడుస్తుంది. బొటనవేలిని ఇప్పటిలా విరివిగా వాడే పద్ధతిని బాఖ్ బాగా ముందుకు తీసుకెళ్లాడని కొడుకు ఇమాన్యుయెల్ రాశాడు, అయినా పాత పద్ధతిని ఆయన పూర్తిగా వదల్లేదు.

ఇక బొటనవేలు. ఒకే చేతిలో రెండు గొంతులున్నప్పుడు కింది గొంతంతా తరచూ బొటనవేలి మీదే పడుతుంది, వరసగా మూడు నాలుగు స్వరాలు అదే పలకాలి. ఒక వేలు ఒక తెల్ల కీ నుంచి ఇంకో తెల్ల కీకి నిజంగా కలిపి పోలేదు. కానీ బొటనవేలు కీని చివరి క్షణం దాకా పట్టుకుని, పక్కకు వీలైనంత దగ్గరగా కదిలితే కలిసినట్టే వినిపిస్తుంది. పై గొంతును మాత్రం 3, 4, 5లతో పక్కాగా కలపండి. ఒక గొంతు గట్టిగా కలిసి ఉంటే పక్కగొంతు కూడా కలిసే ఉందని చెవి నమ్ముతుంది. ఆరో అంతరాలు (సి, ఎ లాంటి జంటలు) వరసగా వచ్చినప్పుడు ఈ కిటుకు తప్ప వేరే దారి లేదు.

ఇవేవీ కుదరని చోట స్వరాన్ని పక్కచేతికి ఇచ్చేయండి. మూడు గొంతుల రచనల్లో మధ్య గొంతు ఏ చేతిదీ కాదు. స్కోరులో పై వరసలో అచ్చయింది కాబట్టి కుడిచేతితోనే వాయించాలన్న నియమం లేదు. ఏ చేతికి దగ్గరగా ఉంటే ఆ చేత్తో, గొంతు తెగకుండా.

మొదటి ఇన్వెన్షన్‌తో ఒక బార్

ఇప్పుడు సి మేజర్ ఇన్వెన్షన్ మొదటి బార్ (స్కోరులో రెండు నిలువు గీతల మధ్య భాగం) తీసుకోండి. 1723 నాటి రాతప్రతి ముఖపత్రంలో ఈ రచనల ఉద్దేశాలు చెబుతూ, అన్నిటికన్నా ముఖ్యంగా పాడినట్టు వాయించడం అలవడాలని బాఖ్ రాశాడు. పెడల్ లేకుండా పాడించడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

కుడిచేయి చిన్న విరామం తర్వాత సి డి ఇ ఎఫ్ డి ఇ సి అని పదహారో వంతు స్వరాల్లో మొదలై, జి సి బి సి అని ఎనిమిదో వంతుల్లోకి వస్తుంది. ముందు కుడిచేయి ఒక్కటే. పదహారో వంతులను కలిపి వాయించండి. ఎనిమిదో వంతులను విడివిడిగా, అలాగని గుచ్చినట్టు కాదు, ఒక్కో స్వరం తన విలువలో సగానికి పైగానే మోగి హాయిగా ముగియాలి. పక్కపక్క స్వరాలను కలిపి, దూరం దూకే స్వరాలను విడదీసి, వేగంగా కదిలే వాటిని కలిపి, నెమ్మదిగా నడిచేవాటిని విడదీసి వాయించడం బాఖ్‌లో ఎక్కువచోట్ల పనిచేసే పద్ధతి. అన్నిచోట్లా కాదు. కానీ ఏ గుర్తూ లేని స్కోరు ముందు కూర్చుని దిక్కుతోచనప్పుడు మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

ఇక అసలు పరీక్ష. కుడిచేయి ఎనిమిదో వంతుల్లోకి అడుగుపెట్టే సమయానికి, అంటే సగం బార్ దాటగానే, ఎడమచేయి ఒక ఆక్టేవ్ కింద అదే సి డి ఇ ఎఫ్ మొదలుపెడుతుంది. ఎడమచేయి కలపాలి, అదే సమయంలో కుడిచేయి విడదీయాలి. ఇందాకటి ఐదు వేళ్ల సాధన దీనికోసమే. ఇక్కడ పెడల్ తొక్కి చూడండి, కుడిచేయి విడదీసిందంతా క్షణంలో మాయమవుతుంది.

బి మీద మోర్డెంట్ గుర్తు ఉంటుంది, బి ఎ బి అని చకచకా. పెడల్ లేనప్పుడు అలంకారాలు చాలా తేలికవుతాయి, మూడు స్వరాలూ కలిసిపోయి ముద్దవ్వవు. అయితే వేలు సోమరిపోతే అదీ దాగదు. ట్రిల్ (పక్కపక్క రెండు స్వరాలను చకచకా మార్చి మార్చి పలికించే అలంకారం) గుర్తు ఉన్నచోట సాధారణంగా పై స్వరంతో మొదలుపెట్టండి. ఫ్రీడమాన్ పుస్తకంలోనే బాఖ్ వేసిచ్చిన అలంకారాల పట్టిక అలాగే చూపిస్తుంది.

ఒక స్వరాన్ని నొక్కిచెప్పాలనుకున్నారనుకోండి. హార్ప్సికార్డ్‌లో ఎంత గట్టిగా కొట్టినా మోత పెద్దగా మారదు, అందుకని వాయించేవాళ్లు ముఖ్యమైన స్వరానికి ముందున్న స్వరాన్ని కాస్త తొందరగా వదిలి, ఆ సన్నని నిశ్శబ్దంతో దాన్ని ఎత్తి చూపేవాళ్లు. పియానో మీద గట్టిగా కొట్టే వీలున్నా ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. బార్ మొదటి స్వరాన్ని బాదకుండా, దాని ముందు ఒక్క పిసరు ఖాళీ ఇచ్చి చూడండి.

పట్టుకోవడం నేర్పే ప్రిల్యూడ్

'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి భాగం (1722) మొదట్లో వచ్చే సి మేజర్ ప్రిల్యూడ్ పెడల్‌కు బాగా అలవాటుపడిన రచన. స్కోరును మాత్రం దగ్గరగా చూడండి. సగం బార్‌లో ఎనిమిది స్వరాలు. ఎడమచేయి సి కొట్టి సగం బార్ పూర్తయ్యేదాకా పట్టుకోవాలి, ఆ వెంటనే ఇ కొట్టి దాన్నీ చివరిదాకా పట్టుకోవాలి. జి, సి, ఇ అని కుడిచేయి రెండుసార్లు పైకి పోతుంది. అంటే మోత నిలబడే ఏర్పాటు బాఖ్ ఎడమచేతి రాతలోనే చేసిపెట్టాడు. చాలామంది పెడల్ ఉంది కదా అని ఎడమచేతి స్వరాలు రెండూ వెంటనే వదిలేస్తారు.

సాధన ఇలా చేయండి. ముందు ఒక్కో బార్‌లోని ఐదు స్వరాలనూ విడగొట్టకుండా ఒకే తీగగుత్తిగా (కార్డ్‌గా) నొక్కండి. సి ఇ జి సి ఇ, తర్వాత సి డి ఎ డి ఎఫ్, ఆ తర్వాత బి డి జి డి ఎఫ్, మళ్లీ సి ఇ జి సి ఇ. చేయి ఆకారం ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత తక్కువ కదలికతో మారుతుందో చూసుకోండి. కదలనవసరం లేని వేలు కదలకూడదు. చివరి మూడు తప్ప మిగతా 32 బార్లూ ఇలా వచ్చాక రాసినట్టు విడగొట్టి వాయించండి.

సగం బార్ దగ్గర చిక్కు ఒకటుంది. పట్టుకున్న సి నే మళ్లీ కొట్టాలి. కీ పైకి రాకుండా మళ్లీ కొట్టడం కుదరదు కాబట్టి ఎక్కడో ఒకచోట వదలాలి. కుడిచేతి చివరి స్వరం మోగుతుండగా, వీలైనంత ఆలస్యంగా, ఎడమచేతి చిటికెనవేలు లేచి దిగాలి. గ్రాండ్ పియానో మీద కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టవచ్చు, ఆ సౌకర్యాన్ని వాడుకోండి. అప్‌రైట్ మీద కాస్త ఎక్కువ పైకి రానివ్వాలి. రెండో సందేహం కుడిచేతి గురించి: జి, సి, ఇ లను కూడా పట్టుకోవచ్చా? పట్టుకుంటే మోత నిండుగా ఉంటుంది, వదిలితే తేటగా ఉంటుంది. నాకు సగం బార్‌లో రెండో వరస స్వరాలను కొంచెం పట్టుకోవడం ఇష్టం. మీ పియానో గట్టిగా మోగేదైతే అసలు పట్టుకోకండి.

మూడు గొంతులు, అంతకన్నా ఎక్కువ

సిన్ఫోనియాలు (మూడు గొంతుల ఇన్వెన్షన్లు), ఫ్యూగ్‌లు (ఒకే ఇతివృత్తాన్ని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచనలు) మొదలుపెట్టేముందు చేయాల్సిన పని, పట్టుకోవాల్సిన స్వరాలు ఎక్కడ ముగుస్తాయో స్కోరులో గుర్తుపెట్టుకోవడం. టై గీత (ఒకే స్వరాన్ని సాగదీసి పట్టుకోమనే వంపు గీత) ఎక్కడ తెగుతుందో అక్కడ చిన్న నిలువు గీత గీయండి. విరామం గుర్తు ఉన్నచోట చుట్టూ సున్నా చుట్టండి. పట్టుకోవడం మరిచిపోవడం ఎంత తప్పో, విరామం వచ్చాక కూడా పట్టుకుని ఉండటం అంతే తప్పు. రెండోది ఎవరూ పట్టించుకోరు.

తర్వాత ఒక్కో గొంతును విడిగా వాయించండి, కానీ మొత్తం రచనలో వాడే వేళ్లతోనే. ఆ తర్వాత రెండేసి గొంతులు కలపండి. ఒక గొంతు పాడుతూ మిగతా రెండు వాయించడం అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా లాభం. కంఠం బాగుండనక్కర్లేదు. పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ అయిపోతుందో అక్కడే వేలు కూడా లేవాలని తోస్తుంది.

పియానోలో కొట్టిన స్వరం కొట్టిన క్షణం నుంచే తగ్గుతూ పోతుంది. పొడవైన స్వరాన్ని పక్క స్వరాలతో సమానంగా కొడితే సగం దూరం పోయేసరికి వినపడదు. అందుకని పొడవైనదాన్ని కాస్త బరువుగా కొట్టండి. దాని కింద కదిలే గొంతును తగ్గించండి. అదే గొంతులో తర్వాత వచ్చే స్వరాన్ని, ముందుది తగ్గి ఎంతకు చేరిందో విని, దానికి దగ్గరగా కొట్టండి. లేకపోతే వేళ్లు ఎంత బాగా కలిపినా చెవికి తెగినట్టే ఉంటుంది. పెడల్ లేని లెగాటోలో సగం వేళ్ల పని, మిగతా సగం ఇదీ.

రెండు గొంతులు ఒకే కీ మీద కలుసుకున్నప్పుడు, ముందు నుంచి పట్టుకున్న వేలు రెండోది దిగడానికి ఒక్క క్షణం ముందు తప్పుకోవాలి. కొత్తగా వచ్చే గొంతుకే హక్కు. 1741లో అచ్చయిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ రెండు కీబోర్డుల హార్ప్సికార్డ్ కోసం రాసింది కాబట్టి అందులో ఒకే చోట చేతులు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ఒక చేయి కీల లోపలివైపు, రెండోది అంచుల వైపు వాయించేలా ముందే నిర్ణయించుకోవాలి. దానికి మొదటే పోకండి.

చేతికి అందనిచోట

'వెల్ టెంపర్డ్ క్లేవియర్' మొదటి భాగంలోని సి షార్ప్ మైనర్ ఫ్యూగ్ ఐదు గొంతులది. చిన్న ఇతివృత్తం, నెమ్మదిగా, ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. చేయి చిన్నదైతే రాసినవన్నీ పట్టుకోవడం సాధ్యం కాదు. అప్పుడు ఏది వదలాలి? బేస్ వదలకండి. ముందు బార్ నుంచి సాగి వచ్చి పక్క స్వరంతో ఘర్షణ పడుతున్న స్వరాన్ని అసలు వదలకండి, అది కిందికి దిగి సర్దుకునేదాకా ఉండాలి. వేరే గొంతులో కూడా మోగుతున్న స్వరాన్నో, సర్దుకోవడం అయిపోయి ఊరికే నిలబడి ఉన్న స్వరాన్నో వదిలితే ఎవరికీ తెలియదు. వెడల్పు తీగగుత్తిని కింది నుంచి పైకి విరిచి వాయించడం కూడా ఆ కాలం పద్ధతే. సారబాండ్ లాంటి నెమ్మది నాట్యాల్లో బాగా కుదురుతుంది, ఫ్యూగ్‌లో తక్కువగా వాడండి.

అప్పటికీ ఒకచోట గొంతు తెగి వికారంగా ఉంటే, ఆ ఒక్క తీగగుత్తికి పెడల్‌ను తొక్కీ తొక్కనట్టు తొక్కి, వెంటనే వదిలేయండి. నేనైతే దీన్ని తప్పు అనను. ముందు పెడల్ లేకుండా రావడమే షరతు. ఎడమ పెడల్ సంగతి వేరు. అది స్వరాలను సాగదీయదు, రంగు మారుస్తుంది. సూట్లలో (నాట్య రచనల వరుసల్లో) ఒక భాగాన్ని రెండోసారి వాయించేటప్పుడు అప్పుడప్పుడూ వాడుకోవచ్చు, మెత్తగా వాయించడానికి బదులుగా కాదు.

ఏ వరసలో?

'అన్నా మాగ్డలీనా' పుస్తకంలోని జి మేజర్ మినుయెట్‌తో మొదలుపెట్టవచ్చు (అది బాఖ్‌ది కాదు, క్రిస్టియన్ పెట్జోల్డ్‌ది, అయినా పాఠం మంచిదే). తర్వాత ఇన్వెన్షన్లలో 1, 4, 8, 13. ఆపైన ఐదో ఫ్రెంచ్ సూట్‌లో నచ్చిన నాట్యాలు. సిన్ఫోనియాలు ఆ తర్వాతే. ఫ్యూగ్‌లలో మూడు గొంతుల సి మైనర్‌తో ప్రారంభించండి. సంపాదకులు కలపమనీ తగ్గించమనీ గుర్తులు గుప్పించిన పాత అచ్చులు కాకుండా ఉర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసినదాన్నే అచ్చువేసే) ప్రతి వాడండి. బాఖ్ స్వయంగా వేసిన స్లర్‌లు (కలిపి వాయించమనే వంపు గీతలు) తక్కువ. ఉన్నవాటిని గౌరవించాలంటే ముందు ఏవి ఆయనవో తెలియాలి.

డిజిటల్ పియానో మీద సాధన చేసేవాళ్లు రెవర్బ్ (హాల్లో వాయించినట్టు మోతను సాగదీసే ఏర్పాటు) పూర్తిగా తీసేయండి, అది మరో పేరుతో ఉన్న పెడలే. హెడ్‌ఫోన్స్‌లో విరామాలు అతిగా పొడిగా అనిపిస్తాయి, గదిలో స్పీకర్‌తో వింటే అంత ఉండదు. మామూలు పియానో అయినా బెంచీ మీద కూర్చున్నవాళ్ల చెవికి వినిపించేది ఒకటి, గది అవతలి మూలన వినిపించేది ఇంకొకటి. ఫోన్‌ను అవతలి మూల పెట్టి రికార్డు చేసి వినండి. దగ్గర తెగినట్టు అనిపించిన ఎనిమిదో వంతులు దూరాన చక్కగా విడివడి వినిపిస్తుంటే అలాగే ఉంచండి. దూరాన కూడా గుచ్చుకుంటుంటే ఒక్కోదాన్ని కొంచెం ఎక్కువసేపు పట్టుకోండి. ఎత్తైన కప్పున్న హాల్లో వాయించాల్సి వస్తే గోడలే మోతను సాగదీస్తాయి, అక్కడ ఇంట్లో కన్నా త్వరగా వదిలి, వేగం కాస్త తగ్గించాలి. తివాచీలు, పరదాలు ఉన్న చిన్న గదిలో మోత చటుక్కున ఆగిపోతుంది కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎక్కువగా పట్టుకోవాలి.